మందుల కన్నా ముందు రిజిస్టర్‌తో యుద్ధం: యూత్ క్లినిక్ పెట్టించిన నా అనుభవం

నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. టీనేజీ పిల్లలు భయపడకుండా వచ్చేలా సేవలు మార్చాలన్న పని తిరిగి తిరిగి నా నెత్తిన పడింది. మొన్నటికి ఒక కొలిక్కి వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

ట్రైనింగ్ సాఫీగానే అయింది. టీనేజీ పిల్లల వైద్య సేవలు ఎలా ఉండాలో చెబుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన 8 ప్రమాణాలు వివరించారు. గది ఇచ్చారు, తెర ఇచ్చారు, పోస్టర్లయితే గోడలు చాలనన్ని ఇచ్చారు. మా డాక్టరమ్మ చురుకైన మనిషి. ముందు ఇల్లు, చదువు, తిండి, స్నేహితుల గురించి అడిగి, మాట కలిశాక మత్తు అలవాట్లు, లైంగిక విషయాలు, చచ్చిపోవాలన్న ఆలోచనల దాకా వెళ్లే పద్ధతి ఇట్టే పట్టేశారు.

అన్నీ సిద్ధం. పిల్లలే రాలేదు.

పైఅధికారికి చెబితే "ప్రచారం చాలలేదు" అని ఇంకో కట్ట కరపత్రాలు చేతిలో పెట్టారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ 8 ప్రమాణాల్లో పిల్లల్ని భాగస్వాముల్ని చేయమని కూడా ఉంది కదా, వాళ్లనే పిలిచాను. ఒకమ్మాయి మామూలు పేషెంట్‌లా లైన్లో నిలబడింది. నేను బెంచీ మీద కూర్చుని విన్నాను.

"ఏంటి ప్రాబ్లం?" అని కౌంటర్ అద్దం వెనక నుంచి గుమస్తా.

ఆ పిల్ల మెల్లగా ఏదో అంది.

"వినపడట్లా, గట్టిగా చెప్పు. పీరియడ్సా? ఎవరితో వచ్చావ్? అమ్మ రాలేదా? పెళ్లయిందా?"

బెంచీల మీదున్న తలలన్నీ అటు తిరిగాయి. నాటకమని తెలిసి కూడా ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నిజంగా జబ్బుతో వచ్చిన పిల్లయితే అక్కణ్నుంచే వెనక్కి తిరిగేది. లోపల డాక్టరమ్మ ఎంత మంచిదైతే ఏం లాభం?

మీటింగ్‌లో ఈ సంగతి ఎత్తాను. కౌంటర్లో కారణం అడగడం మానేద్దాం, టోకెన్ ఇస్తే చాలు, మిగతాది గదిలో రాసుకుంటాం అన్నాను. "రిజిస్టర్లో కాలమ్ ఉంది మేడమ్, నింపకపోతే ఆడిట్లో నా ఉద్యోగం పోతుంది" అన్నాడు గుమస్తా. పైఅధికారి నవ్వుతూ, "ఇంతకీ నువ్వు నర్సువా, ఆఫీసు సూపరింటెండెంటువా?" అన్నారు. అందరూ నవ్వారు. ఇన్నేళ్ల సర్వీసులో అంత చిన్నబోయింది ఎప్పుడూ లేదు.

ఆ కాలమ్ ఏ రూలు ప్రకారం పెట్టారో చూపించమని అడుగుతూనే ఉన్నాను. ఎవరి దగ్గరా కాగితం లేదు. చివరికి పాత రిజిస్టర్లు నేనే దింపి చూశాను. ప్రెస్సులో అచ్చయిన శీర్షికలు పేరు, వయసు, తేదీ, నంబరు, అంతే. పక్కన ఖాళీ గడిలో "కారణం" అని ఎవరో నీలం పెన్నుతో రాశారు! దాన్నే ఏళ్ల తరబడి కాపీ కొడుతూ వచ్చారు. తర్వాతి మీటింగ్‌లో ఆ పేజీ టేబుల్ మీద పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, అది నా గెలుపే.

తర్వాతవి చకచకా జరిగాయి. తలుపు మీద "కౌమార లైంగిక ఆరోగ్య విభాగం" అన్న బోర్డు పీకించాం. దాని కింద నిలబడితే ఊరందరికీ చాటింపేసినట్టే అన్నారు పిల్లలు. ఇప్పుడు గది నంబరు ఒక్కటే ఉంది. సమయం కాలేజీ అయ్యాక పెట్టాం.

మీరూ ఇలాంటిది మొదలుపెడితే, ఏ వయసు నుంచి పెద్దల సంతకం లేకుండా ఏ సేవ ఇవ్వచ్చో చట్టం ఏమంటుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. లేదంటే తలకో చట్టం చెబుతారు. "ఎవరికీ చెప్పం" అని గుడ్డిగా మాటివ్వకండి. ప్రాణాపాయం ఉన్నా, ఎవరైనా హింసిస్తున్నా చెప్పక తప్పదని మొదట్లోనే చెప్పేయండి. అమ్మానాన్నలు వెంట వస్తే రానివ్వండి, కానీ కాసేపు పిల్లలతో విడిగా మాట్లాడండి. పోస్టర్ల మీద మాత్రం పైసా తగలేయకండి.

ఇప్పుడు పిల్లలు వస్తున్నారు. చాలామంది మొటిమలనే చెప్పి వస్తారు. తలుపేశాక అసలు సంగతి బయటికొస్తుంది. గుమస్తా మాత్రం నాతో మాట్లాడటం లేదు. నా సెలవు కాగితాలు కదలాల్సింది ఆయన టేబుల్ మీద నుంచే కాబట్టి, ప్రస్తుతానికి సెలవు జోలికి పోవడం లేదు.