సూడాన్ కోసం రంజాన్ నెలలో ప్రార్థించేవారికి

సూడాన్‌లో యుద్ధం రంజాన్ నెలలోనే మొదలైంది. 2023 ఏప్రిల్ 15, ఉపవాసాల్లో 24వ రోజు. అబ్దెల్ ఫత్తా అల్ బుర్హాన్ నడిపే సైన్యానికీ, హెమెద్తీ అని పిలిచే మహమ్మద్ హమ్దాన్ దగాలో చేతిలోని ఆర్‌ఎస్‌ఎఫ్ అనే అర్ధసైనిక బలగాలకూ ఖార్తూమ్ నడివీధుల్లో పోరు మొదలైంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2019 జూన్ 3న, పౌర పాలన కోరుతూ సైనిక కార్యాలయం ఎదుట బైఠాయించినవాళ్ల మీద తుపాకులు పేలింది కూడా రంజాన్ చివరి రోజుల్లోనే. కాబట్టి ఈ నెల వచ్చిందంటే అక్కడ ఉపవాసం ఉన్న ఇంట్లోనే తద్దినం కూడా ఉంటుంది. వాళ్ల కోసం మోకరించేవాళ్లకు ముందుగా తెలియాల్సింది ఇదే.

"సూడాన్‌కు సమాధానం దయచేయుము తండ్రీ" అని ఒక్క మాటతో ముగించే ప్రార్థన రెండో వారానికల్లా ఎండిపోతుంది. విశ్వాసం చాలక కాదు, కళ్లముందు ఏమీ లేక. ఊరు తెలియాలి, వేళ తెలియాలి, ఆ పూట పొయ్యి మీద ఏముందో తెలియాలి.

వేళతో మొదలుపెడదాం. ఈ కొన్నేళ్లుగా రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతోంది. ఆ రోజుల్లో ఖార్తూమ్‌లో పొద్దు గుంకేది సుమారు ఆరింటికి, అంటే మన గడియారంలో రాత్రి తొమ్మిదిన్నర. పడమటనున్న దార్‌ఫూర్‌లోని అల్ ఫాషిర్‌లో మరో అరగంట ఆలస్యం, మనకు దాదాపు పది. తూర్పు తీరాన పోర్ట్ సూడాన్‌లో ఇరవై నిమిషాలు ముందు. తొమ్మిదిన్నరకు మీరు మోకరిస్తే ఖార్తూమ్‌లో ఇఫ్తార్ మొదలవుతుంది. ఉపవాసం విడిచే క్షణంలో చేసే దువాకు, అంటే వేడుకోలుకు, జవాబు వస్తుందని ముస్లింలు బలంగా నమ్ముతారు. దేశమంతా చేతులు చాచే ఆ ఘడియలోనే మీ విజ్ఞాపన కూడా పైకి వెళుతుంది. ఇంతకన్నా మంచి వేళ వెతకనక్కర్లేదు.

సూడాన్ ఇఫ్తార్ నాలుగు గోడల మధ్య జరిగేది కాదు. మగవాళ్లు చాపలు, పళ్లేలు వీధిలోకి తెచ్చి పరుస్తారు. జజీరా ప్రాంతంలోనైతే ఊళ్లవాళ్లు రోడ్డుకు అడ్డంపడి బస్సులు ఆపి, ప్రయాణికులను దించి మరీ తినిపించేవారు. మొలకెత్తిన జొన్న పిండిని పులియబెట్టి, పలుచని రేకులుగా కాల్చి, వాటిని నానబెట్టి చేసే పానీయం పేరు హిలూ ముర్, అంటే తీపి చేదు. దారినపోయేవాణ్ణి ఆపి అన్నం పెట్టే ఆ జనమే 2025లో అల్ ఫాషిర్ ముట్టడిలో పశువులకు వేసే వేరుశనగ చెక్క తిని బతికారు. ఆ ఊరు 2025 అక్టోబరు 26న ఆర్‌ఎస్‌ఎఫ్ చేతిలో పడింది.

ఇక ఏమని ప్రార్థించాలి? మా దృష్టిలో మొదటి అంశం సామూహిక వంటశాలలు. అక్కడ వాటిని తకాయా అంటారు, సూఫీల అన్నదానం నుంచి వచ్చిన పేరు. అత్యవసర స్పందన గదులు అనే యువకుల బృందాలు వాడవాడలా వాటిని నడుపుతున్నాయి. పప్పో జొన్నలో, ఏది దొరికితే అది పెద్ద గుండిగలో ఉడుకుతుంది. ఇక్కడో మెలిక ఉంది. నోట్లు దొరకని చోట డబ్బంతా బంకక్ అనే బ్యాంకు యాప్‌లో నడుస్తుంది. నెట్‌వర్క్ పోతే డబ్బు రాదు, డబ్బు రాకపోతే సరుకు రాదు, గుండిగ ఎక్కదు. 2024 ఫిబ్రవరిలో నెట్‌వర్క్ దేశమంతటా పోయినప్పుడు జరిగింది అదే. 2025 ఆరంభంలో అమెరికా సాయం ఆగినప్పుడు వందల వంటశాలలు మూతపడ్డాయి. కాబట్టి "ప్రభువా, ఈ రాత్రి నెట్‌వర్క్ నిలుపు" అని అడగడానికి సిగ్గుపడకండి. అనుదినాహారం అడగమని నేర్పినవాడికి ఆ ఆహారం ఏ దారిన వస్తుందో కూడా తెలుసు.

నెలను ఊళ్లవారీగా పంచుకోవచ్చు. మొదటి వారం ఖార్తూమ్, బహ్రీ, ఓమ్‌దుర్మాన్. రెండో వారం దార్‌ఫూర్: జెనీనా, తవీలా, 2024 ఆగస్టులో కరువు నిర్ధారణ అయిన జమ్‌జమ్ శిబిరం నుంచి చెదిరిపోయినవాళ్లు, సరిహద్దు దాటి చాద్‌లోని అద్రేలో తలదాచుకున్నవాళ్లు. మూడో వారం కోర్దోఫాన్, నూబా కొండలు. చివరి పది రాత్రులు పాలకులకు, ఆయుధాలు పంపే దేశాలకు, అక్కడి సంఘానికి. కూడిక ఇరవై నిమిషాలు చాలు: వాక్యానికి మూడు, వార్తకు ఐదు, మిగతాదంతా ప్రార్థనకే. వార్త పదిహేను నిమిషాలకు పెరిగిన చోట ప్రార్థన ఆఖరి ఆమేన్‌గా మిగులుతుంది.

చెడిపోయేది ఎక్కడంటే, చాలాసార్లు మాటల్లో. ముస్లింల మీద యుద్ధం ప్రకటించినట్టు గద్దించే ప్రార్థన అక్కడి తల్లికి ఏ మేలూ చేయదు. ముస్లింలు గౌరవించే అబ్రాహాము కుమారుడు ఇష్మాయేలు పేరుకే దేవుడు వింటాడని అర్థం. దాహంతో ఉన్న ఆ చిన్నవాడి మొర ఆయన విన్నాడు. ఒక పక్షాన్ని గెలిపించమని కూడా అడగవద్దు, ఇరుపక్షాలూ యుద్ధ నేరాలు చేశాయని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం చెప్పింది. బుర్హాన్, హెమెద్తీ ఇద్దరి పేర్లూ ఎత్తి ప్రార్థించండి, ఎంత కష్టమైనా. దక్షిణ సూడాన్ 2011 జూలై 9 నుంచి వేరే దేశం, క్రైస్తవులు ఎక్కువగా ఉన్న దేశం. ప్రార్థన చీటీల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతాయి. వాట్సాప్‌లో వచ్చే వీడియోల తేదీ చూడనిదే కూడికలో వాడకండి.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. ఇస్లాం విడిచినవారికి మరణశిక్ష వేసే చట్టం 2020 జూలైలో రద్దయింది. కానీ ఇంటివాళ్ల కోపం చట్టంతో పోదు. కొత్తగా విశ్వసించినవారి పేరు, ఊరు, ఫొటో ఏ గ్రూపులోనూ పెట్టకండి. "ఒక సహోదరి" అంటే చాలు, ప్రభువుకు పేరు తెలుసు.

మీరూ ఉపవాసం ఉండాలనుకుంటే వారానికి ఒక రోజు, నీళ్లు తాగుతూ. గర్భిణులు, షుగరుకు మందులు వాడేవాళ్లు వద్దు. తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమన్నాడు ప్రభువు, కనుక స్టేటస్ పెట్టనక్కర్లేదు.

వాక్యం కోసం యిర్మీయా 38 తీయండి. బైబిల్లో కూషు అంటే ఈ నైలు నేలే. బురదగోతిలో కూరుకుపోయిన ప్రవక్తను పైకి లాగినవాడు కూషీయుడైన ఎబెద్మెలెకు. రాజు ముప్పైమంది మనుషులను ఇచ్చాడు, తాళ్లున్నాయి. అయినా అతను ఆగి, ఖజానా కింది గదిలోంచి పాత చింకిగుడ్డలు తెచ్చి గోతిలోకి దించాడు, తాళ్లు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోమని. దీన్ని చదివి, తొమ్మిదిన్నరకు ఇలా అడగవచ్చు:

"ప్రభువా, ఓమ్‌దుర్మాన్‌లో ఈ పూట గుండిగ దించుతున్న పిల్లవాణ్ణి కాపాడు. వరుసలో ఆఖరున నిలబడ్డ ఆమె గిన్నె దాకా పప్పు రానివ్వు. తవీలా దారిలో ఉన్న లారీని ఎవరూ ఆపకుండా చెయ్యి. గోతిలో ఉన్నవారి దగ్గరికి తాళ్లతో పాటు గుడ్డలు కూడా తెచ్చే మనుషులను లేపు. ఆమేన్."