ఒక్క పలకకు యాభై

సెలవు రోజుల్లో మా చెల్లెలూ నేనూ స్క్రాబుల్ ఆడుతుంటాం, అంటే ఇంగ్లీషు అక్షరాలున్న పలకలను గడుల బోర్డుపై పేర్చి పదాలు కట్టే ఆట. పెద్ద పదాలే పెద్ద పాయింట్లు తెస్తాయని చాలామంది అనుకుంటారు గానీ, నిన్నటి ఆటలో తను ఒకే ఒక్క ఎక్స్ పలకతో 50 పాయింట్లు పట్టుకుపోయింది. అక్షరం విలువను మూడింతలు చేసే గడిలో దానిని ఉంచేసరికి, ఎడమనున్న ఏతో 'యాక్స్', పైనున్న ఓతో 'ఆక్స్' ఏర్పడి, 8 పాయింట్ల అక్షరం రెండు దిక్కులా 24 చొప్పున లెక్కకు వచ్చింది. చేతిలోని ఏడు పలకలనూ ఒకేసారి దించినవారికి అదనంగా దక్కేది కూడా సరిగ్గా అంతే!

ఈ ఆటను రూపొందించిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్, వార్తాపత్రికలలో ఏ అక్షరం ఎంత తరచుగా కనబడుతుందో లెక్కించి వాటికి విలువలు కట్టారు. అందుకే క్యూ, జడ్‌లకు 10, ఇకి 1. అయితే ఏ, ఇ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి వంటి ఒక్క పాయింటు అక్షరాలు చేతిలో కుదిరితే 'నాస్టియర్', 'రెటైన్స్', 'రెటీనాస్' అన్నీ ఆ ఏడింటిలోంచే పుట్టి ఆ అదనపు యాభై తెస్తాయి కనుక, ఎస్‌నూ, ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ పలకనూ చిల్లర పదాలకు ఖర్చు చేయకపోవడమే మేలని నా అభిప్రాయం. క్యూ మాత్రం యు కోసం ఎదురుచూడనక్కరలేదు. పక్కన ఐ ఉంటే చాలు, ప్రాణశక్తి అనే అర్థమున్న చైనా మాట సిద్ధం.

2006లో మసాచుసెట్స్‌లో ఒక ఆటగాడు 'క్విక్సోట్రీ' అనే ఒక్క పదంతో, పదం విలువను మూడింతలు చేసే రెండు గడులను కలుపుతూ, 365 పాయింట్లు సాధించాడు. మా ఇంట్లో ఇద్దరి మొత్తం కూడా ఒక్కోసారి అంతకు చేరదు.