బాండ్ అయిపోయింది, ఇంజిన్ అవ్వలేదు

2007లో తిరువనంతపురంలో స్పేస్ ఇంజినీరింగ్ చదివించే ఐఐఎస్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పేస్ సైన్స్ అండ్ టెక్నాలజీ) పెట్టిన ఏడాదే చేరిన బ్యాచ్ మనది, సీనియర్లు లేరు, సొంత క్యాంపస్ లేదు, వేలి అనే చోట ఇస్రో రాకెట్ కేంద్రం వీఎస్‌ఎస్‌సీ వాళ్ల బిల్డింగుల్లో క్లాసులు. అప్పట్లో చదువు ఖర్చంతా డిపార్ట్‌మెంట్ ఆఫ్ స్పేస్‌ది, బదులుగా ఇస్రోలో ఐదేళ్లు పనిచెయ్యాలి, లేదంటే పది లక్షలు కట్టాలి అని బాండ్. నాన్న ఆ స్టాంప్ పేపర్ని పొలం దస్తావేజు చదివినట్టు ఒక్కో లైనూ వేలు పెట్టి చదివి, సూరిటీ సంతకం చేసేముందు "పది లక్షలంటే ఎంతో తెలుసారా నీకు" అన్నారు. బాబాయైతే "ఇంత చదివి ఐదేళ్లు కట్టుబానిసలా ఉంటాడా" అని ఒకటే గోల. (2008 చివర్లో ఐటీ ఆఫర్లు ఆగిపోయాక వాళ్లబ్బాయికి సీటెలా వస్తుందని ఫోన్ చేసింది కూడా ఆయనే.)

2010లో క్యాంపస్ తిరువనంతపురం బయటున్న వలియమలకి మారింది, 2011లో నాకు పోస్టింగ్ పక్కనే ఎల్‌పీఎస్‌సీలో, అంటే రాకెట్లకి ద్రవ ఇంధన ఇంజిన్లు చేసే ఇస్రో కేంద్రంలో. రెండు మూడేళ్లు తిరిగేసరికి లెక్క మారిపోయింది, బాండ్‌లో రాసిన అంకె అక్కడే ఉంటుంది, బయట జీతాలు అక్కడే ఆగిపోవు కదా, ఒకప్పుడు ఇంట్లో నిద్ర పట్టనివ్వని పది లక్షలు ప్రైవేటులో కొన్నాళ్లు చేస్తే వచ్చేస్తాయి. కొందరు కట్టేసి వెళ్లారు, ఎమ్మెస్‌కో ఎంబీఏకో. రాసుకున్న షరతే అది, వాళ్లు షరతు ప్రకారమే వెళ్లారు, నేనైతే తప్పుపట్టను.

నన్ను ఆపింది బాండ్ కాదు, సీఈ-20 అనే క్రయో ఇంజిన్, అంటే బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో మండేది. అది వాడే పెద్ద రాకెట్ జీఎస్‌ఎల్‌వీ మార్క్ 3కి 2002లో ఓకే అయింది, అప్పటికి మనం నిక్కర్లేసుకుని స్కూలుకెళ్తున్నాం. 2014 డిసెంబర్ 18న ఆ రాకెట్ మొదటిసారి ఎగిరింది గానీ పైనున్న క్రయో స్టేజ్ (ఇంజిన్, ట్యాంకులు ఉండే భాగం) డమ్మీ, వెలిగేది కాదు. నా ఐదేళ్లు 2016లో అయిపోయాయి, అప్పటికీ మా ఇంజిన్ నేల మీదే ఉంది.

తమిళనాడులో ఇస్రో ఇంజిన్లని పరీక్షించే మహేంద్రగిరిలో టెస్టులు చూసినవాళ్లకి తెలుస్తుంది ఆ తిప్పలు. మామూలుగా చెక్ చేస్తే చుక్క లీకు లేని జాయింటు, మైనస్ 253 డిగ్రీల లిక్విడ్ హైడ్రోజన్ తగలగానే ముడుచుకుని లీకవుతుంది, అప్పుడు ట్యాంక్ ఖాళీ చేసి, లైన్లు మామూలు వేడికి వచ్చేదాకా ఆగి, విప్పి, సీలు మార్చి, లోపల తేమ మిగిలితే గడ్డకట్టేస్తుందని మళ్లీ పర్జ్ చేసి (గ్యాస్‌తో లోపలంతా ఊదేసి), మొదట్నించి. ఇందులో సగం పని నెత్తినేసుకున్నవాడు బాండ్ అయింది కదా అని బ్యాగ్ సర్దుకోగలడా?

2017 ఫిబ్రవరిలో స్టేజ్ మొత్తం నేల మీద 640 సెకన్లు మండింది, జూన్ 5 సాయంత్రం మా ఇంజిన్‌తో మార్క్ 3 రాకెట్ జీశాట్-19 అనే కమ్యూనికేషన్ ఉపగ్రహాన్ని పట్టుకుని శ్రీహరికోట నుంచి లేచింది. లిఫ్టాఫ్ అయిన ఐదు నిమిషాలకి గానీ మా ఇంజిన్ వంతు రాదు, ఆ ఐదు నిమిషాలూ ఎలా గడిచాయో అడగొద్దు.

రాత్రి మన వాట్సాప్ గ్రూపులో మొదటి మెసేజ్, ఎప్పుడో డబ్బు కట్టేసి వెళ్లిపోయినవాడిది: "ఆఫీసు మీటింగ్‌లో ఫోన్ టేబుల్ కింద పెట్టుకుని చూశాన్రా, ఇగ్నిషన్ అనగానే గట్టిగా అరిచేశా, మేనేజర్ బయటికెళ్లమన్నాడు."