నాయిన డైరీలో పదమూడు పేర్లు

ఒరాంజ్ అనే ఊరి దగ్గర మోటార్‌వే దిగి చిన్న రోడ్డు ఎక్కామో లేదో, వెనక సీట్లోంచి నాయిన "ఆపురా, ఆపు" అన్నాడు. తమ్ముడు కంగారుగా కారు పక్కకు తీశాడు. నాయిన దిగి, రోడ్డు వారనున్న ద్రాక్ష చేలోకి రెండడుగులు వేసి, ఒక ఆకును పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆకు మీద పలచగా నీలం మరకలు.

"మైలుతుత్తం కొట్టిన్రు బిడ్డా," అన్నాడు నా వైపు తిరిగి.

ఫ్రాన్స్‌కు వచ్చి ఆరు రోజులైంది. లియోన్‌లో తమ్ముడి ఇంటి కిటికీ పక్కన కూర్చుని ట్రాములు లెక్కపెట్టిన ఆ ఆరు రోజుల్లో ఆయన ముఖం అంతగా వెలగడం నేను చూడలేదు.

మేడ్చల్ వైపు మాకు నాలుగెకరాల అనాబ్-ఎ-షాహి రకం ద్రాక్ష తోట ఉండేది. రాతి కడీలు, వాటి మీద ఇనుప తీగల పందిరి, కింద ఎప్పుడూ చల్లటి నీడ. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఇంకొకటి, ఫిబ్రవరి వచ్చిందంటే కోత. మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మందు తయారుచేసే రోజు నాయిన గోళ్ళ సందుల్లో నీలం దిగేది, వారం దాకా పోయేది కాదు. ఆ మందు 1880లలో ఈ దేశంలోనే, బోర్డో ప్రాంతపు ద్రాక్ష తోటల్లో పుట్టిందని తమ్ముడు చెబితే, "బోర్డో అంటే ఊరి పేరా? మందు పేరనుకున్న ఇన్నేండ్లు," అన్నాడు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు, కాయ మెత్తబడి బండ్లకు చెప్పిన వారంలో మూడు రోజులు అకాల వాన పట్టింది. పండిన కాయ నీళ్ళు తాగి పగిలింది. పగిలినచోట బూజు పట్టింది. నాలుగెకరాల్లోనూ ఒకటే రకం, ఒకటే కత్తిరింపు, ఒకటే వారంలో పండే పంట. పోవడం కూడా ఒకేసారి పోయింది. రెండేళ్ళకు పందిరి తీసేశారు. ఆ నేలలో ఇప్పుడు ప్లాట్లున్నాయి. మాకు ఇంకోచోట మిగిలింది ఒక్క ఎకరం చెలక.

షాటోనెఫ్ దు పాప్ అనే ఈ ఊళ్ళో ఒకే వైన్‌లోకి పదమూడు రకాల ద్రాక్ష పోతుందని చదివినప్పటి నుంచి, నాయినను ఒక్కసారి ఇక్కడ నిలబెట్టాలని నా కోరిక. ఆయనకు వైన్ మీద ధ్యాస లేదు. చెట్టు మీద ఉంది. అమ్మ మోకాళ్ళ నొప్పులని లియోన్‌లోనే ఉండిపోయింది.

ముందు ఊళ్ళోకి వెళ్ళాం. గుట్ట ఎక్కితే పైన పోప్‌ల కోట. కోట అంటే ఇప్పుడు ఒక ఎత్తయిన గోడ, దాన్ని ఆనుకుని ఇంకొంచెం గోడ, అంతే. 1309 నుంచి కొన్ని దశాబ్దాలు పోప్‌లు రోమ్‌లో కాక ఇక్కడికి దగ్గర్లోని అవిన్యోంలో ఉన్నారు. వాళ్ళలో రెండోవాడైన 22వ జాన్ ఈ కోట కట్టించాడు. అప్పటికే చాలావరకు శిథిలమైన కోటలో మిగిలిన బురుజును 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం పోతూ పోతూ పేల్చేస్తే, ఈ వైపు గోడలు మాత్రం మిగిలాయి. అక్కడ నిలబడితే రోన్ నది మెలిక, దూరాన అవిన్యోం, తూర్పున వాంతూ కొండ కనిపిస్తాయి. నది అవతలి ఒడ్డున రోక్‌మోర్ ఊరుంది. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్స్‌లో మొదట బయటపడింది ఆ చుట్టుపక్కలే. చూస్తుండగానే దేశమంతా తోటలు ఎండిపోయాయి. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద ఇక్కడి కొమ్మను అంటుకట్టి బతికించుకున్నారు. ఈ రోజు ఈ గుట్ట చుట్టూ కనిపించే తోటల్లో దాదాపు ప్రతి చెట్టూ అలాంటి అంటు చెట్టే. నాయిన చాలాసేపు నది వైపే చూశాడు. "అంటు లేకపోతే ఊరే లేదన్నట్టు," అన్నాడు.

ఊరి వాళ్ళు తమ పేరు కోసం పోరాడిన కథ నాకు బాగా నచ్చింది. వేరేచోట పండిన వైన్‌ను కూడా ఈ ఊరి పేరుతో అమ్ముతుంటే, 1923లో రైతులు బారన్ పియేర్ లె రువా అనే పెద్దమనిషి దగ్గరికి వెళ్ళారు. ఆయన లా చదివినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు, ఇక్కడి ఫోర్తియా తోట వాళ్ళ అల్లుడు. ఆయన రాసిన నియమాల్లో నేలకు హద్దు ఎలా గీశారంటే, లావెండర్, థైమ్ పక్కపక్కన మొలిచేంత బీద నేలలో పండిందే ఈ ఊరి ద్రాక్ష. మంచి నేలకు ఆ పేరు లేదు! ఏ రకాలు వెయ్యొచ్చో, ఎంత పండనివ్వాలో, చేత్తోనే కోయాలనే సంగతీ అన్నీ అందులోంచి వచ్చినవే. 1936లో ప్రభుత్వం దానికి చట్టం ముద్ర వేసింది. ఫ్రాన్స్ అంతా ఆ దారిలో నడిచింది. 1954లో ఇదే ఊరి మేయరు, తోటల మీద ఎగిరే పళ్ళేలు (ఫ్లయింగ్ సాసర్లు) దిగకూడదని ఉత్తర్వు కూడా వేశాడు. తోటను కాపాడుకోవడంలో వీళ్ళు ఆకాశాన్ని కూడా వదల్లేదు.

మధ్యాహ్నం కూర్తెజోన్ వైపున్న బోకాస్తెల్ తోటకు చేరాం. ముందే మాట్లాడి పెట్టుకున్నాం. 1909 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న తోట ఇది. ఆ కుటుంబానికి పెర్రాన్ అనే పేరు అల్లుడి వైపు నుంచి వచ్చింది. ఇప్పుడు అయిదో తరం చూసుకుంటోంది. ఈ ప్రాంతంలో చాలామంది గ్రెనాష్ అనే ఒక్క రకం మీదే ఎక్కువ ఆధారపడతారు. చట్టం పదమూడింటిని వెయ్యొచ్చని చెప్పింది గానీ వెయ్యాలని చెప్పలేదు. పదమూడూ వేసి, పదమూడూ కలిపే కొద్దిమందిలో వీళ్ళు పేరున్నవాళ్ళు.

నాయిన తోటలో అడుగుపెట్టగానే ఆగిపోయాడు. "మట్టేదిరా?" అన్నాడు. నిజంగానే మట్టి లేదు. పిడికిలంత నుంచి తలకాయంత దాకా గుండ్రటి రాళ్ళు, రాళ్ళ మీద రాళ్ళు. రోన్ నది ఎన్నో లక్షల ఏళ్ళ కింద ఆల్ప్స్ నుంచి దొర్లించుకొచ్చి వదిలేసినవి. పగలు ఎండ తాగి రాత్రి వేడి వదులుతాయి, కింద తడిని ఆరిపోనివ్వవు. పందిరి లేదు. కడీలు లేవు. ఒక్కో చెట్టు మోకాలి ఎత్తు మొద్దు, దాని మీంచి గిన్నె ఆకారంలో నాలుగైదు కొమ్మలు. నీళ్ళు పారించడం మామూలుగా నిషేధమే, మరీ కరువైన ఏడు మాత్రం అనుమతిస్తారు. ఉత్తరం నుంచి మిస్ట్రాల్ గాలి చెవుల్లో హోరు పెడుతోంది. ఆ గాలికి ఆకు మీద తడి నిలవదు, బూజు పట్టదు.

"మనం పందిరేసి నీడకు పెంచినం. వీళ్ళు ఎండల ఒదిలిపెట్టిన్రు," అన్నాడు నాయిన. ఒక రాయిని వంగి తాకాడు. "పెనం లెక్కున్నది."

మమ్మల్ని తిప్పిన అమ్మాయి మాట్లాడింది ఫ్రెంచ్‌లో, తమ్ముడు తెలుగులో చెప్పాడు, నాయిన ప్రశ్న తెలంగాణలో అడిగాడు. ఆ మాటల ప్రయాణంలో ఆలస్యం తప్ప వేరే ఇబ్బంది లేకపోయింది. ఎందుకంటే సగం ప్రశ్నలు వేలితో చూపిస్తే అయిపోయాయి.

సెప్టెంబరు చివరి వారం అది. గ్రెనాష్, సిరా రకాలు కోసేశారు. మూర్వేద్ర్ ఇంకా చెట్టు మీదే ఉంది. ఆ అమ్మాయి అడిగి మరీ ఒక గుత్తి నాయిన చేతిలో పెట్టింది. కాయ చిన్నది, నల్లగా ఉంది, తోలు మందం. నాయిన ఒక కాయ నోట్లో వేసుకుని, గింజ కొరికి, "ఇంకా పది దినాలు," అన్నాడు. తమ్ముడు చెప్పగానే ఆ అమ్మాయి పెద్దగా నవ్వి, తాము కూడా సరిగ్గా అదే అనుకుంటున్నామంది.

అక్కడి నుంచి నాయిన ఆమెను వదల్లేదు. ఏది ముందు పండుతుంది, ఏది వెనక? ఏది వానకు చెడుతుంది? గ్రెనాష్‌కు తీపి ఎక్కువ, సారా బలం ఎక్కువ, కానీ రంగు నిలవదు, గాలి తగిలితే త్వరగా పాడవుతుంది, పూత సమయంలో చల్లటి వాన పడితే పిందె రాలిపోతుంది. మూర్వేద్ర్ ఆలస్యంగా పండుతుంది, వగరు ఎక్కువ, గాలిని తట్టుకుంటుంది. రంగునిచ్చేది సిరా రకం. సెన్సో కాయ పెద్దది, నీళ్ళు లేకపోయినా ఓర్చుకుంటుంది. కునువాజ్ పులుపు, మిరియపు ఘాటు తెస్తుంది. ఆ తర్వాత వకరేజ్, తెరె నువార్, ముస్కార్దాన్. వీటితో పాటు క్లెరెత్, బూర్బులాంక్, రూసాన్, పిక్‌పూల్, పికర్దాన్ కూడా ఉన్నాయి. ఈ చివరి వాటిలో తెల్ల ద్రాక్షలున్నాయి, అవీ ఎర్ర వైన్‌లోకి పోతాయి.

నాయిన జేబులోంచి చిన్న డైరీ తీశాడు. విత్తనాల లెక్క, పాల లెక్క రాసుకునే డైరీ అది. రాళ్ళ మీద కూర్చుని ఒక్కో పేరూ తెలుగులో రాసుకున్నాడు. "మల్లొక్కసారి చెప్పమను," అని రెండుసార్లు అడిగాడు.

రాయడం అయ్యాక ఆయన అడిగిన ప్రశ్న నాకు గుచ్చుకుంది. "రాళ్ళవాన పడితే పదమూడూ పోతయి గదా?"

పోతాయని ఆ అమ్మాయి ఒప్పుకుంది. దానికి మందు లేదంది. కానీ పూత మీద పడే వాన ఆ వారం పూసిన రకాన్నే కొడుతుంది, కోత ముందు పడే వాన అప్పటికి పండినదాన్నే పగలగొడుతుంది. పచ్చిగా గట్టిగా ఉన్నది తట్టుకుంటుంది. ఏ ఏడు ఏది దెబ్బతింటుందో తెలియదు కాబట్టి పాతకాలపు రైతులు అన్నీ వేసుకున్నారు.

నాయిన తల ఊపాడు. "మనకు సగం పచ్చికాయ ఉంటే సగం దక్కేది," అన్నాడు. ఇరవై అయిదేళ్ళలో ఆ వాన గురించి ఆయన నోటి వెంట నేను విన్న మొదటి మాట అది.

తోటలో 1950 నుంచి రసాయన ఎరువులు లేవని, ఆ పని మొదలుపెట్టి మూర్వేద్ర్‌ను పెంచింది 1978లో చనిపోయిన జాక్ పెర్రాన్ అని చెప్పారు. ఇప్పుడు వాళ్ళ ఎర్ర వైన్‌లో గ్రెనాష్, మూర్వేద్ర్ చెరో 30 శాతం దాకా ఉంటాయి. ఏ రకానికి ఆ రకం విడిగా పులియబెడతారు. గ్రెనాష్ సిమెంటు తొట్లలో, మూర్వేద్ర్, సిరా కట్టె తొట్లలో. గాలికి చెడేదానికి గాలి ఆడని తొట్టి, గాలి కావలసినదానికి గాలి ఆడే తొట్టి. ముందుగా కాయ తోలును కాసేపు 80 డిగ్రీల దాకా వేడిచేసి వెంటనే చల్లార్చడం కూడా వాళ్ళ ఇంటి పద్ధతే. చెడగొట్టేవి చచ్చిపోతాయి, రంగు బాగా దిగుతుంది, వైన్ చెడకుండా వేసే గంధకం తక్కువ సరిపోతుంది. ఆ తర్వాతే అన్నీ కలిపి పెద్ద పెద్ద కట్టె పీపాల్లో ఏడాది పాటు ఉంచుతారు.

కొత్తగా కట్టిన వైన్ గిడ్డంగి గోడలు చూసి మాత్రం నేనే ఆగిపోయాను. మట్టి గోడలు. తవ్వకంలో అక్కడే తీసిన మట్టిని దిమ్మిస చేసి లేపినవి. భూమి కింద వాననీటి తొట్టి కట్టి, మిస్ట్రాల్ గాలిని ఆ చల్లదనం మీదుగా లోపలికి రప్పించారు. దీని రూపకర్త మన దేశపు బిజోయ్ జైన్, ఆయన నడిపే స్టూడియో ముంబై. నాయినకు చెబితే ఆశ్చర్యపోలేదు. అరచేత్తో గోడ నిమిరి, "మన పాత ఇంటి గోడ గిట్లనే ఉండె. ఎండకాలం ఫ్యాను లేకున్నా నడిచేది," అన్నాడు.

చివర గ్లాసులు పెట్టారు. తమ్ముడు బండి నడపాలి కాబట్టి వాసన చూసి పక్కన పెట్టాడు. నాకు మొదట నల్ల చెర్రీ, తర్వాత మిరియం, ఆ తర్వాత తడిసిన తోలు వాసన తెలిసింది. మింగాక చాలాసేపు వెళ్ళిపోలేదు. ఒక్కో రకం విడిగా తెలుస్తుందేమోనని వెతికాను. తెలియలేదు. ఒక్క కాయకు ఇన్ని పొరలుండవని మాత్రం తెలిసింది. నాకు ఎంతగానో నచ్చింది.

నాయిన రెండు గుక్కలు తాగాడు. నాలుకతో అంగిలి తడుముకుని, "నేరేడు పండు తిన్న వగరు," అన్నాడు. కాసేపాగి, "ఒక్కచెట్టు కల్లు కాదిది. మన గౌడన్న నాలుగు చెట్లది ఒక్క లొట్టిల పోస్తడు చూడు, పోతుతాడుది కొంచెం, పండుతాడుది కొంచెం. ఏ చెట్టు ఆ దినం సరిగ పారకున్నా లొట్టి రుచి తప్పదు," అన్నాడు.

తమ్ముడు దీన్ని ఫ్రెంచ్‌లోకి ఎలా మార్చాడో గానీ, ఆ అమ్మాయి కాగితం తీసుకుని "కల్లు" అనే మాటను ఎలా రాయాలో నన్ను అడిగి రాసుకుంది.

తిరుగు దారిలో వలాన్స్ దాటేసరికి చీకటి పడింది. వెనక సీట్లో ఫోన్ లైటు వెలుగులో నాయిన డైరీ మూసి, చూడకుండా పేర్లు చెప్పుకుంటున్నాడు, ఒక్కో వేలూ మడుస్తూ. పన్నెండు దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ పన్నెండే.

"డైరీ తెరువు నాయినా," అన్నాను.

"ఆగు బిడ్డా. అస్తది."

ఆ తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. టోల్ గేటు దగ్గర కారు నెమ్మదించగానే ఆయన ముందు సీటు మీద చెయ్యి వేసి ముందుకు వంగాడు.

"వకరేజ్," అన్నాడు.