సీతారాంపురం ప్రయాణం, మామ .315, వానకి తట్టుకునే రైఫిల్ సంగతి

మా పిన్ని కొడుకు టెక్సాస్ నుంచి సంక్రాంతికి వచ్చాడు, పండగ అయిపోయాక సీతారాంపురం దగ్గర మామ చేనుకి పోదాం అన్నా అని ఒకటే పట్టు. చేను చూడాలని కాదు, మామ దగ్గరున్న పంట రక్షణ లైసెన్సు తుపాకీ చూడాలని. వాడికి అక్కడ స్టెయిన్‌లెస్ బ్యారెల్, ఫైబర్ స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) ఉన్న .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ (తూటా తూటాకీ పిడి చేత్తో లాగే రకం; .308, .315 అంటే తూటా సైజులు) ఉంది. ఎలాంటి వానకైనా తట్టుకుంటుందని చెప్పి అమ్మే రకం. నాకేమో అలాంటిది మన వాతావరణంలో నిజంగా పనికొస్తదా, మామ పాత .315 కంటే ఏ విషయంలో మేలు అనేది ఎప్పటినుంచో తేల్చుకోవాలని ఉంది.

నెల్లూరులో తెల్లారకముందే బయల్దేరి బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా పోయాం. సంగం దగ్గర పెన్నలో నీళ్లు బాగున్నాయి, రెండు పక్కలా వరి. ఆత్మకూరు దాటాక నేల రంగే మారిపోద్ది, ఎర్ర నేల, రాళ్లు, దూరంగా వెలిగొండలు. దారంతా వాడు పందుల గురించే. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేటు భూమిలో ఓనర్ ఒప్పుకుంటే అడివి పందుల వేటకి హంటింగ్ లైసెన్సు కూడా అక్కర్లేదంట. మనకి అట్టా కుదరదు కదా, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, చేనంతా కుమ్మేసే పందినైనా పర్మిషన్ లేకుండా కాల్చకూడదు. మామ తుపాకీ చాలా ఏళ్లుగా మంచె మీద కాపలాకే తప్ప వేటకి కాదు. కానీ వేటకి పోయే రైఫిల్ కంటే ఇదే ఎక్కువ తడుస్తది, ఎందుకంటే కార్తీకంలో, మార్గశిరంలో మనకి వానలు పడే టైమే పంట కాపలా టైము. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది చూడండి, అప్పుడు మామ ఆ తుపాకీతోనే మంచె మీద ఉన్నాడు.

ఉదయగిరిలో టీకి ఆగాం. కొండ మీద కోట, 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి తీసుకున్న కోట, కింద ఊళ్లో చెక్క చెంచాలు చేసేవాళ్లు. ఒకామె చెంచాకి నున్నగా ఆకురాయి పడతా ఉంది, కట్టె తడికి ఏమవుద్ది అమ్మా అని అడిగా. "పచ్చి కట్టె చెక్కితే నాలుగు దినాలకే వంకర పోతాది సార్, నీడన బాగా ఆరాల" అనింది. ఆ మాట మా తమ్ముడు పట్టుకున్నాడు, రైఫిల్ స్టాక్‌కీ అదే రోగం అన్నా, చూపిస్తా పద అన్నాడు.

మామ మాజీ మిలిటరీ. తుపాకీ బయటికి తీయగానే మ్యాగజైన్ ఊడదీసి, బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్లో వేలు పెట్టి చూసి, అప్పుడు మా చేతికిచ్చాడు. అది బెంగాల్లో ఇషాపూర్ సర్కారు తుపాకుల ఫ్యాక్టరీలో చేసింది. లోపల మెకానిజం పాత మిలిటరీ రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్‌దే, బ్రిటిష్ సైన్యం .303 వాడే రోజుల్లో ఆ మిలిటరీ తూటా మామూలు జనం చేతికి రాకూడదని వేరే సైజు పెట్టారు, అట్టా .315 వచ్చింది. ఇప్పటికీ .303 మనకి నిషేధమే.

బోల్ట్ నాలుగైదు సార్లు ఆడించి తమ్ముడు బాగుంది అన్నాడు, మనసులో నుంచే అన్నాడు. లీ ఎన్‌ఫీల్డ్ రకంలో లాకింగ్ లగ్గులు (పేలేటప్పుడు బోల్ట్‌ని బిగించి పట్టే పళ్లు) వెనక ఉంటాయి, లోపల కొంచెం వదులుగా ఉంటది, అందుకని దుమ్ము పడినా బురద పడినా తిరుగుతానే ఉంటది. వాడి .308లో లగ్గులు ముందు ఉంటాయి, బిగుతుగా, గురి బాగుంటది, కానీ ఇసుక పడితే ముందు అదే మొరాయిస్తదంట.

తర్వాత వంద నోటు తీసి బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య సందులో పెట్టాడు. ఒక పక్క సాఫీగా పోయింది, రెండో పక్క సగంలో ఆగిపోయింది. ఇదే నాకు బాగా గుచ్చుకున్న విషయం. స్టాక్ చెక్క తడి పీల్చి ఉబ్బి, బ్యారెల్‌ని ఒక పక్కకి నెడతా ఉంది, వేసవిలో గురి పెట్టిన తుపాకీ వానాకాలంలో పక్కకి కొడతదంటే ఇందుకే. ఈ రకంలో చెక్క బ్యారెల్‌ని తాకడం తప్పు కాదంట, రెండు పక్కలా ఒకేలా తాకకపోవడమే తప్పు. మామ ఒప్పుకున్నాడు, "కొత్తలో ఇట్టా లేదబ్బయా, తుఫాను తర్వాతే" అన్నాడు. ఫైబర్ స్టాక్‌కి ఈ బాధ లేదు, అది నీళ్లు తాగదు.

ఇక తుప్పు. 2024 ఎన్నికలకి కోడ్ రాగానే అందరిలాగే మామ కూడా తుపాకీ డిపాజిట్ చేశాడు, అది తోలు కవర్లోనే ఉండిపోయింది, తోలు తడిని పట్టుకుంటది కాబట్టి బయటికొచ్చేసరికి బ్యారెల్ మీద కవర్ ఆనినంత మేర ఎర్ర గీత. నల్ల పూత అంటే దానికదే రక్షణ అనుకుంటాం, అదీ ఇనుప ఆక్సైడ్ పొరే, చాలా పల్చన, నూనె పట్టి ఉంచడానికి పనికొస్తది అంతే. మరి స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదా అంటే, పడతది. టెక్సాస్ సముద్రం పక్కన తిరిగాక వాడిదానికి బ్యారెల్ బాగానే ఉంది గానీ స్కోప్ పట్టుకునే స్క్రూలు, లోపలి స్ప్రింగు ఎర్రబడ్డాయంట, అవి మామూలు ఉక్కువే కదా. ఉప్పు గాలికి స్టెయిన్‌లెస్ మీద కూడా చిన్న చిన్న గుంతలు పడతాయి. మన కృష్ణపట్నం, పులికాట్ వైపు ఉండేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకోటి, ఏసీ కార్లోంచి తుపాకీ దించగానే మన ఉక్కకి దాని మీద చెమ్మ పడతది, పైనే కాదు, బ్యారెల్ లోపల కూడా. ఏ రైఫిలైనా సరే, పొడి గుడ్డతో తుడిచి, లోపల వెలుగు కనపడతా ఉందో లేదో చూసి అప్పుడే లోడ్ చేయాలి, లోపల నీళ్లో బురదో ఉండగా పేలిస్తే బ్యారెల్ ఉబ్బడమో పగలడమో అవుద్ది. మామ వానలో మూతికి టేపు వేస్తాడు, తమ్ముడూ అదే చేస్తాడంట.

నా లెక్క ఇది. మన దగ్గర వానకి ఓడిపోయేది మెకానిజం కాదు, ముందు చెక్క, తర్వాత కవర్లో మూసి పెట్టే అలవాటు. స్టెయిన్‌లెస్‌కి ఎక్కువ డబ్బులు పెట్టే బదులు తడి తాగని స్టాక్‌కి పెట్టేది మేలు. ఇషాపూర్ వాళ్లు ఇదే .315కి గట్టి ఫైబర్ స్టాక్ పెట్టి ఇస్తే మామలాంటోళ్లు ఎంతమంది తీసుకుంటారో, ఇది నిజంగా రైతుకి కావాల్సిన మార్పు. ప్రస్తుతానికి మామ తోలు కవర్ పక్కన పడేశాడు, లైసెన్సున్న రిపేరు షాపులో స్టాక్ విప్పించి, ఒత్తే చోట సన్నగా గీకించి, చెక్క లోపలి వైపు కూడా వార్నిష్ వేయిస్తానన్నాడు. బయట మెరుగు పెట్టి లోపల వదిలేస్తే తడి అక్కణ్నుంచే ఎక్కుద్ది. వేసవి ముందే చేయించు మామా, చెక్క బాగా ఆరాకే వార్నిష్ వెయ్యమను అని తమ్ముడు రెండు మూడు సార్లు చెప్పాడు.