జబ్బ పట్టేస్తే లేజర్ పెట్టించుకున్నాను

కుడి జబ్బ పట్టేసినప్పుడు పగలు ఎట్లాగో గడిచేది, రాత్రే నరకం. నిద్రలో ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, ప్రాణం పోయినంత పనయ్యేది. జడ వేసుకోవాలన్నా, సజ్జ మీది డబ్బా దించాలన్నా మా కోడలు రావాల్సిందే. సద్దుల నాడు బతుకమ్మను పద్మాక్షి గుట్ట దాకా ఆమే ఎత్తుకొచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

హన్మకొండలో ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి, మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పమన్నారు. రాలేదు. ఆయన పట్టుకుని తిప్పినా రాలేదు. "ఫ్రోజెన్ షోల్డర్ అమ్మా, షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువ" అన్నారు. కీలు చుట్టూ ఉండే పొర వాచి, మందమై బిగుసుకుపోతుందట. వదలడానికి ఏడాది, రెండేళ్లు కూడా పట్టొచ్చంటే టెన్షన్ పట్టుకుంది.

ఫిజియోథెరపీలో లేజర్ పెడతామన్నారు. కోసే లేజర్ కాదు, అర వాట్ కూడా ఉండదు, వేడి పుట్టదు. నాకూ, లేజర్ పెట్టే ఫిజియోథెరపీ అమ్మాయికీ రంగు కళ్లద్దాలు. పెన్ను లాంటి దాన్ని భుజం ముందు, పక్కన, వెనక ఒక్కోచోట కాసేపు ఆనించి, బీప్ అనగానే జరిపేది. చల్లటి మొన తగలడం తప్ప ఏమీ తెలియలేదు. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఆ కాంతిని పీల్చుకుంటే వాపు, నొప్పి తగ్గుతాయని చెప్పింది. 1960ల్లో హంగేరీ డాక్టర్ ఎండ్రె మెస్టర్ గొరిగిన ఎలుకలకు లేజర్ పెడితే, అక్కడ వెంట్రుకలు తొందరగా మొలిచాయట. ఈ వైద్యానికి అదే మొదలు.

మొదట్లో ఏ తేడా లేదు. తర్వాత రాత్రిళ్లు నిద్ర పట్టసాగింది. అసలు పని అప్పుడే మొదలైంది. లేజర్ అయిన వెంటనే, బల్ల మీద ఎడమ చెయ్యి ఆనించి వంగి కుడి చేతిని గడియారం లోలకంలా ఊపడం, వేళ్లతో గోడ ఎక్కడం. ఇంట్లో గోడ మీద పెన్సిల్ గీతలు పెట్టుకుని, ఏ రోజుకు ఎంత అందిందో చూసుకునేదాన్ని. నొప్పి అట్లాగే ఉంటే ఇవేవీ చేయగలిగేదాన్ని కాదు. చెయ్యి లేచింది మాత్రం ఎక్సర్‌సైజులతోనే. ఒకచోట "లేజర్ ఒక్కటే చాలు, ప్యాకేజీ తీసుకోండి" అన్నారు. ఆ మాట నమ్మొద్దని అందరికీ చెప్తున్నాను. క్యాన్సర్ ఉన్నా, గర్భవతులైనా ముందే డాక్టర్‌కు చెప్పాలి.

ఇప్పుడు చెయ్యి పైకి బాగానే లేస్తోంది. వీపు వెనక్కి మాత్రం నడుము దాకే. తువ్వాలు వెనక పట్టుకుని పైచేత్తో లాగే ఎక్సర్‌సైజ్ రోజూ చేస్తున్నాను, షుగర్ కూడా అదుపులో పెట్టుకుంటున్నాను.