చెల్లింపు పేజీలో మారిపోయిన ధర: కార్డు రుసుములతో నా అనుభవం

వెతికినప్పుడు కనిపించిన ధర ఒకటి, డబ్బు కట్టే పేజీలో అడిగిన మొత్తం మరొకటి. సెలవులకు కుటుంబమంతా విదేశానికి వెళ్లాలనుకున్నాం. ఐదుగురికి విమాన టికెట్లు, బస ఆన్‌లైన్‌లో బుక్ చేసే పని నేను తీసుకున్నాను. ఆ రెండు ధరల మధ్య తేడా ఎక్కడ పుడుతోందో కనిపెట్టడానికి, ఒకచోట అన్యాయంగా పోయిన సొమ్మును తిరిగి రాబట్టుకోవడానికి నేను పడిన శ్రమను వివరంగా రాస్తున్నాను. ఇలాంటి బుకింగ్ చేయబోయేవారికి ఎక్కడ ఆగి చూడాలో తెలుస్తుందని నా ఆశ.

మొదట నాకు దొరికింది టికెట్లు అమ్మే ఒక ట్రావెల్ వెబ్‌సైటు. నేను చూసినవాటిలో అన్నిటికంటే తక్కువ ధర అక్కడే కనిపించింది. అందరి పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు నింపాను. సామాను, సీట్లు, బీమా అంటూ ఒక్కో పేజీ దాటుకుంటూ వెళ్తే చివరికి కార్డు నంబరు అడిగింది. మొదటి కొన్ని అంకెలు కొట్టానో లేదో, కింద ఉన్న మొత్తం పెరిగిపోయింది. హెచ్చరిక లేదు, రంగు మారలేదు, పేజీ కదలలేదు. చూపు నంబరు మీదే ఉంటే ఆ మార్పు కంటపడే అవకాశమే లేదు.

కార్డు నంబరు మొదట్లో ఉండే ఆరు అంకెలు, కొత్త పద్ధతిలో అయితే ఎనిమిది అంకెలు, ఆ కార్డును ఏ దేశంలోని ఏ బ్యాంకు ఇచ్చిందో, అది డెబిటో క్రెడిటో చెప్పేస్తాయి. వెబ్‌సైటు వాటిని చదివి అప్పటికప్పుడు రుసుము కలుపుతోందన్నమాట. అనుమానం తీరక మరో కార్డు అంకెలు కొట్టి చూశాను. మొత్తం మళ్లీ మారింది. ధర వివరాలు అని చిన్న అక్షరాల్లో ఉన్న లింకు నొక్కితే అసలు సంగతి బయటపడింది. మొదటి పేజీలో చూపిన ధర ఒక ప్రత్యేకమైన ప్రీపెయిడ్ కార్డుతో కట్టేవారికి ఇచ్చే ‘తగ్గింపు’ ధర. ఆ కార్డు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. దాదాపు ఎవరికీ దక్కని ధరను అందరికీ చూపించి, దాన్ని తగ్గింపు అని పిలవడం నాకు ఏమాత్రం న్యాయంగా తోచలేదు.

రుసుము ఎంత అన్నదానికంటే దాన్ని లెక్కగట్టిన తీరు నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఒక్కో ప్రయాణికుడికి, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చొప్పున వేశారు. మేం ఐదుగురం కాబట్టి అదే రుసుము పది సార్లు పడింది. కార్డు వాడేది మాత్రం ఒక్కసారే. కార్డుతో చెల్లించినప్పుడు అమ్మినవారికి ఖర్చు ఉంటుంది, అది నిజమే. ఆ ఖర్చులో కొంత కార్డు ఇచ్చిన బ్యాంకుకు, కొంత వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కుకు, కొంత వ్యాపారి తరఫున డబ్బు వసూలు చేసే బ్యాంకుకు వెళ్తుంది. ఇదంతా లావాదేవీకి ఇంత, లేదా మొత్తంలో ఇంత శాతం అన్న లెక్క. టికెట్ మీద ఎంతమంది పేర్లున్నాయన్నది ఆ లెక్కలో ఎక్కడా రాదు. ఐరోపా సమాఖ్య 2015లో తెచ్చిన నిబంధన ప్రకారం అక్కడి వినియోగదారుల కార్డుల మీద కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్లే వాటా డెబిట్ అయితే 0.2 శాతం, క్రెడిట్ అయితే 0.3 శాతం దాటకూడదు. బయటి దేశాల కార్డులతో అక్కడి వ్యాపారులకు ఆన్‌లైన్‌లో చెల్లించినప్పుడు ఆ వాటాను డెబిట్‌కు 1.15 శాతానికి, క్రెడిట్‌కు 1.5 శాతానికి పరిమితం చేస్తామని వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు 2019లో ఐరోపా కమిషన్‌కు హామీ ఇచ్చాయి. నన్ను అడిగిన రుసుము టికెట్ల విలువలో ఆరు శాతం పైమాటే. మిగతా వాటాలన్నీ కలుపుకున్నా ఈ రెండు అంకెలకు పొంతన కుదరలేదు. తలకింత అని వేసే రుసుము కార్డు ఖర్చు కాదు, టికెట్ ధరలోంచి విడదీసి వెనక దాచిపెట్టిన ముక్క అని నాకు అప్పుడు స్పష్టమైంది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. మాట్లాడిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు.

“మేడమ్, అది కార్డు రుసుము కాదు, మా సేవా రుసుము.”

“మరి కార్డు మారిస్తే అది ఎందుకు మారుతోంది?”

“సిస్టమ్‌లో అలా సెట్ చేశారు మేడమ్. నేను మార్చలేను.”

“ఒక్క చెల్లింపుకు పది సార్లు ఎందుకు పడింది?”

కాసేపు ఎవరినో అడిగి వచ్చి, అది కంపెనీ విధానం అన్నాడు. అతన్ని నిలదీసి ప్రయోజనం లేదు. అయితే ఇంకొక్కటి అడిగాను: ప్రయాణం రద్దు చేసుకుంటే ఈ రుసుము తిరిగి ఇస్తారా? ఇవ్వరట. విమాన సంస్థ టికెట్ డబ్బు వెనక్కి ఇచ్చినా ఈ రుసుము వాళ్ల దగ్గరే ఉండిపోతుందట. బుకింగ్ అక్కడే ఆపేశాను.

ఈ ఆట కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో విచ్ అనే వినియోగదారుల సంస్థ 2011లోనే దీని మీద ప్రభుత్వ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది. ఆ మరుసటి ఏడాది 12 విమాన సంస్థలు డెబిట్ కార్డు రుసుమును మొదటి ధరలోనే కలిపి చూపడానికి ఒప్పుకున్నాయి. 2013 ఏప్రిల్ నుంచి అసలు ఖర్చుకు మించి వసూలు చేయకూడదన్న నిబంధన వచ్చింది. 2018 జనవరి 13 నుంచి బ్రిటన్‌లోనూ ఐరోపా సమాఖ్యలోనూ వినియోగదారుల కార్డుల మీద అదనపు రుసుమును దాదాపుగా నిషేధించారు. అయితే ఆ రక్షణ అక్కడి బ్యాంకులు ఇచ్చిన కార్డులకు ఉద్దేశించినది. బయటి కార్డుతో కొనేవాళ్లం దాని నీడలోకి రాము. చాలామంది ‘ఐరోపాలో నిషేధం ఉందిగా’ అని ధీమాగా ఉంటారు కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. పైగా నిషేధం వచ్చాక కొన్ని చోట్ల రుసుము పోలేదు, పేరు మార్చుకుంది. బుకింగ్ రుసుము, సేవా రుసుము, నిర్వహణ రుసుము. పేరు ఏదైనా, చెల్లించే పద్ధతి మార్చగానే అది మారితే దాన్ని కార్డు రుసుముగానే చూడాలి.

టికెట్లు చివరకు విమాన సంస్థ సొంత వెబ్‌సైటులో కొన్నాను. మొదటి వెబ్‌సైటు చూపించిన ఆకర్షణీయమైన ధరకంటే అక్కడ కాస్త ఎక్కువే, కానీ దాని చివరి పేజీ మొత్తంకంటే తక్కువ. కార్డు అంకెలు కొట్టాక ధర కదలలేదు. టికెట్ల పని అంతటితో అయిపోయింది.

అసలు ఇబ్బంది బస దగ్గర వచ్చింది. బస బుక్ చేసే ఇంకొక వెబ్‌సైటులో ధర ఆ దేశపు కరెన్సీలో ఉంది. చెల్లింపు పేజీలో ‘మీ కరెన్సీలో చెల్లించండి’ అన్న గడికి ముందే టిక్కు పెట్టి ఉంది. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. చూడటానికి సౌకర్యంలా ఉంటుంది, ఎంత కడుతున్నామో మనకు తెలిసిన డబ్బులో కనిపిస్తుంది. కానీ మారకపు రేటు మన బ్యాంకుదీ కాదు, కార్డు నెట్‌వర్కుదీ కాదు. అమ్మేవారూ, వారి చెల్లింపుల సంస్థా కలిసి నిర్ణయించినది. నెట్‌వర్కుల రోజువారీ రేట్లు వాటి వెబ్‌సైట్లలో ఎవరైనా చూడవచ్చు. పోల్చి చూస్తే ఇక్కడి రేటు దాదాపు నాలుగు శాతం ఎక్కువగా ఉంది. అందుకని ఆ టిక్కు తీసేసి, ఆ దేశపు కరెన్సీలోనే చెల్లింపు ఎంచుకుని, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని బటన్ నొక్కాను.

రసీదు మాత్రం నా కరెన్సీలో వచ్చింది. వాళ్ల రేటుతోనే.

స్టేట్‌మెంటు వచ్చాక ఇంకో దెబ్బ కనిపించింది. వ్యాపారి విదేశంలో ఉన్నాడు కాబట్టి, లావాదేవీ నా కరెన్సీలోనే జరిగినా, మా బ్యాంకు తన విదేశీ లావాదేవీ రుసుము వేసింది. చాలా బ్యాంకుల నిబంధనల్లో ఇది ఉంటుంది. మన కరెన్సీలో కడితే ఆ రుసుము తప్పుతుందనుకుని ఆ గడిని ఒప్పుకునేవారు రెండు వైపులా నష్టపోతారు.

ముందుగా ఆ వెబ్‌సైటుకే రాశాను. కోపం పక్కనపెట్టి, బుకింగ్ నంబరు, నేను ఎంచుకున్న కరెన్సీ, వాళ్లు వసూలు చేసిన కరెన్సీ, ఆ రోజు నెట్‌వర్కు రేటు, తేడా ఎంత, నాకు ఏం కావాలి అన్నవి మాత్రమే రాసి స్క్రీన్‌షాట్ జతచేశాను. ‘మీరు నిబంధనలను అంగీకరించారు’ అని అచ్చు వేసినట్టున్న జవాబు వచ్చింది. స్క్రీన్‌షాట్ గురించి ఒక్క ముక్క లేదు. మళ్లీ రాస్తే మళ్లీ అదే జవాబు. వాళ్లు ఒప్పుకోలేదన్న రాతపూర్వక ఆధారం చేతికి రావడం వల్ల తర్వాతి పని తేలికైంది.

బ్యాంకులో డిస్‌ప్యూట్ విభాగానికి, అంటే కార్డు చెల్లింపుల మీద అభ్యంతరాలు తీసుకునే చోటికి వెళ్లాను. ఫారంలో ‘ఇతర కారణాలు’ అని రాయమని సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. వీసా నిబంధనల్లో తప్పు కరెన్సీలో వసూలు చేశారన్న ఫిర్యాదుకు 12.3 అని ప్రత్యేకమైన కోడ్ ఉంది. కరెన్సీ ఎంచుకునే హక్కు కార్డుదారుడిదేనని, రేటు ముందే చూపించాలని ఆ నెట్‌వర్కులే వ్యాపారులకు చెబుతాయి. ఆ కోడ్ కిందే తీసుకోమని పట్టుబట్టాను. కౌంటర్ వెనక ఉన్న ఆవిడ తన పై అధికారిని అడిగి, “మీరు చెప్పింది సరైనదే మేడమ్, ఇలాంటివి మాకు ఎక్కువగా రావు” అంటూ మార్చి రాసుకుంది. ఎక్కువగా రాకపోవడానికి కారణం ఇలాంటివి జరగకపోవడం కాదని నా నమ్మకం. తేడా ఒక్కొక్కరికీ చిన్నదిగా కనిపిస్తుంది, ఎవరూ ఫారం నింపరు. ఇలాంటి వెబ్‌సైట్ల లాభమంతా అందులోనే ఉంది. ఇలాంటి ఫిర్యాదులకు సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. ప్రయాణం ముగించుకుని వచ్చాక చూద్దాం అనుకుంటే, ముందుగా బుక్ చేసుకున్నవారికి ఆ గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

కొంతకాలానికి ఆ లావాదేవీ వెనక్కి వచ్చింది. అదే మొత్తం ఆ దేశపు కరెన్సీలో మళ్లీ పడింది. ఈలోగా మారకపు రేటు కొద్దిగా కదలడంతో తేడా పూర్తిగా దక్కలేదు కానీ, చాలామటుకు దక్కింది.

ఫిర్యాదు రాసేటప్పుడు చదివిన నియమాల్లో కొన్ని ధైర్యాన్నిచ్చాయి. ధరను బొట్లు బొట్లుగా పెంచుకుంటూ పోవడాన్ని, అడగనివి బుట్టలో వేయడాన్ని భారతదేశంలో 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే వెబ్‌సైటు ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించాయి. అమెరికాలో 2025 మే 12 నుంచి, బస ధర ప్రకటించేటప్పుడు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తం చూపించాలి. అయినా కొన్ని దేశాల్లో పర్యాటక పన్ను బసకు చేరాక అక్కడే కట్టాలి. అది బుకింగ్ మొత్తంలో కనిపించకపోవచ్చు. ఆ పంక్తి ఎక్కడుందో వెతికి చదవండి.

ఇప్పుడు నేను ఏ రెండు వెబ్‌సైట్లను పోల్చాలన్నా, రెండింటిలోనూ కార్డు అంకెల దాకా వెళ్లి, అక్కడ కనిపించిన మొత్తాలనే పక్కపక్కన రాసుకుంటున్నాను. విసుగు పుట్టించే పనే, కానీ వేరే దారి కనిపించలేదు. బ్యాంకు వేసిన విదేశీ లావాదేవీ రుసుము విషయం ఇంకా తేలలేదు. అసలు లావాదేవీయే వెనక్కి పోయినప్పుడు దాని మీద వేసిన రుసుము ఎందుకు మిగలాలని రాశాను. పరిశీలిస్తున్నామన్నారు. ఈ నెల స్టేట్‌మెంటులోనూ రాకపోతే ఫిర్యాదును బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దాకా తీసుకెళ్తాను.